సంవత్సరీకం బియ్యంలో ఆరిన కెమెరా

దెయ్యాల కథలు చదివి భయపడే రకం కాదు నేను. టౌన్‌షిప్ లైబ్రరీలో దొరికిన ప్రతి పుస్తకం చదివాను, వాటిలో అలాంటివీ చాలానే ఉన్నాయి. చదివేసి, లైటు ఆర్పి, హాయిగా నిద్రపోయేదాన్ని. ఎవరైనా "ఇది నిజంగా జరిగింది" అని మొదలుపెడితే, పైకి ఏమీ అనలేక, ఎక్కడ అతుకు వేశారో మనసులోనే వెతికేదాన్ని. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. అనాల్సినవన్నీ డైరీలో రాసుకునేదాన్ని.

ఇది కూడా మొదట డైరీలోనే రాశాను. అతుకు కనిపిస్తుందేమోనని చాలాసార్లు చదువుకున్నాను. కనిపించలేదు.

మేం కిరండూల్‌లో ఉంటాం. నాన్నది ఇనుప గనిలో ఉద్యోగం. మావాళ్ళ సొంత ఊరు విజయనగరం వైపు పల్లె, కానీ నేను పుట్టి పెరిగింది ఇక్కడి కంపెనీ క్వార్టర్లలోనే. ఇక్కడ ఎర్రదుమ్ము తగలని వస్తువు ఉండదు. ఆరేసిన బట్టలు, కిటికీ ఊచలు, తులసి ఆకులు, అన్నీ ఒకే రంగు. వానాకాలం వస్తే ఆ దుమ్మే బురదై, సందు దొరికిన చోటికల్లా దూరుతుంది.

మా ఇంట్లో ఉన్న కారు చిన్నాన్నది, అంటే నాన్న తమ్ముడిది. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు. జగదల్‌పూర్ ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళని, దంతెవాడ గుడికి వెళ్ళేవాళ్ళని తీసుకెళ్తూ ఆ కారు అద్దెకి తిప్పేవాడు. కుర్రతనంలో లారీ మీద క్లీనరుగా పనిచేశాడు. ఆ అలవాట్లు ఆయన్ని వదల్లేదు. కారు ఎవరు వెనక్కి తీస్తున్నా వెళ్ళి వెనక నిలబడేవాడు. మొదట వెనక నంబరు ప్లేటు పైనున్న కెమెరా అద్దాన్ని బొటనవేలితో ఒక్కసారి తుడిచేవాడు. తర్వాత డిక్కీ మీద తట్టేవాడు. ఒక దెబ్బంటే రా. రెండు దెబ్బలంటే ఆగు. వేలికి ఇనుప ఉంగరం ఉండేది కాబట్టి ఆ చప్పుడు టక్కుటక్కుమని గట్టిగా వినిపించేది.

"ఇది లారీ కాదురా, దీనికి కెమెరా ఉంది" అని నాన్న వెక్కిరించేవాడు.

"కెమెరాకి కన్నే గానీ నోరు లేదు కదన్నయ్యా" అనేవాడు చిన్నాన్న.

అక్క కూతురు చిన్ని అప్పటికి ఇంకా పాకుతోంది. దాన్ని భుజాన వేసుకుని, "దీనికి నడక రానీ, నా వేలు పట్టించి ఊరంతా తిప్పుతాను" అనేవాడు. నడక వచ్చేదాకా ఆయన లేడు. పోయిన వానాకాలంలో గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో పోయాడు. ఉంగరం తీసి అమ్మ బీరువాలో దాచింది.

ఈ వానాకాలం ఆయన సంవత్సరీకానికి అక్క చిన్నిని తీసుకుని వచ్చింది. అప్పటికి కారు కెమెరా సరిగా పనిచేయడం లేదు. రివర్స్ గేరు వేస్తే తెరమీద గీతలు వచ్చేవి గానీ, వాటి వెనక అంతా పాలు ఒలికినట్టు తెల్లగా ఉండేది. నాన్నకి మెడ నరాల నొప్పి. తల వెనక్కి తిప్పలేడు, కెమెరా మీదే ఆధారం. మా రేకుల షెడ్డులో కారు ముక్కు లోపలికి పెట్టి నిలుపుతాం. బయటికి రావాలంటే వెనక్కే రావాలి.

అక్క వచ్చిన మర్నాడు నాన్న కారు తీస్తుంటే వెనక ఏదో నలిగిన చప్పుడైంది. దిగి చూస్తే చిన్ని ప్లాస్టిక్ బకెట్టు. దానికి జానెడు దూరంలో చిన్ని నిలబడి ఉంది, నలిగిన బకెట్టు వైపు చూస్తూ.

అమ్మ పిల్లని ఎత్తుకుని లోపలికి పోయింది. కాసేపటికి వచ్చి, ఆ కెమెరా బాగయ్యేదాకా కారు కదలడానికి వీల్లేదని చెప్పేసింది. నాన్న నలిగిన బకెట్టు తీసి పక్కన పెట్టాడు.

బాగుచేయించాలంటే జగదల్‌పూర్ వెళ్ళాలి. వెళ్ళాలంటే కారు కదలాలి. అందుకని మేమే విప్పుదామనుకున్నాం. ఫోన్లో వీడియో పెట్టుకుని నేను చదివి చెప్తుంటే నాన్న చేశాడు. నంబరు ప్లేటు తీసి, రెండు స్క్రూలు విప్పి, తీగ ఊడదీస్తే కెమెరా చేతిలోకి వచ్చింది. నేరేడు పండంత ఉంది. అద్దం చుట్టూ రబ్బరు ఎండి పగిలింది, ఆ పగులులో ఎర్రమట్టి. చెమ్మ లోపలివైపున చిన్న చిన్న చుక్కలుగా పట్టి ఉంది.

తడి పీల్చడానికి బియ్యంలో పెట్టాలని వీడియోలో చెప్పారు. అమ్మా అక్కా బజారుకి వెళ్ళారు, నేను స్క్రూలు పోకుండా మూతలో పెడుతున్నాను. నాన్న వంటింట్లోకి వెళ్ళి కెమెరాని బియ్యంలో పెట్టి వచ్చాడు. వంటింట్లో ఏది ఎక్కడుంటుందో ఆయనకి ఎప్పుడూ తెలియదు. కింద బస్తా ఉంది. ఆయనకి పై అరలో గుడ్డ కట్టి ఉన్న స్టీలు డబ్బా శుభ్రంగా కనిపించింది.

ఆ డబ్బాలో ఉన్నవి సంవత్సరీకం బియ్యం. చిన్నాన్నకి ఇష్టమని అమ్మ మా ఊరి నుంచి దంపుడు బియ్యం తెప్పించింది. తలస్నానం చేసి, చేత్తో ఏరి, డబ్బాలో పోసి, గుడ్డ కట్టి పెట్టింది. ఆయనకి విస్తరిలో పెట్టేదాకా ఆ బియ్యంలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. మా ఇళ్ళలో అది పద్ధతి.

మర్నాడు పొద్దున్న అమ్మ గుడ్డ ముడి వేరేగా ఉండడం చూసి డబ్బా మూత తీసింది. ఆ ఎర్రగీతల బియ్యంలోంచి కెమెరా అద్దం కన్నులా బయటికి చూస్తోంది.

"ఏటండీ ఇది? ఎవరి బియ్యంలో ఏటి పెట్టీసారు?"

నాన్న నవ్వేశాడు. "కారు ఆడిదే, బియ్యమూ ఆడివే. ఆడేటనుకుంటాడే?"

అమ్మ నవ్వలేదు. "మనిషిని పిలిచి కూకోబెట్టి, విస్తట్లోది లాక్కున్నట్టుంది" అంది.

వేరే దంపుడు బియ్యం పంపమని ఊరికి ఫోన్ చేసింది. చెయ్యి పడిన బియ్యం వండడానికి లేదు, పారబోయడానికి మనసు రాలేదు. ఏం చేయాలో పంతులుగారిని అడిగేదాకా ఉంచమంది. నాన్న వాటిని ప్లాస్టిక్ సంచిలో పోసి, మూతి బిగించి, షెడ్డు దూలానికున్న మేకుకి తగిలించాడు. నేను చెయ్యి పైకెత్తినా అందనంత ఎత్తు.

కెమెరా మాత్రం బాగా ఆరింది. అక్క హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి పట్టించాం. రబ్బరు పగుళ్ళ మీద అక్క రంగులేని గోళ్ళ పాలిష్ రెండు పూతలు వేశాను. బిగించి, తాళం తిప్పి, రివర్స్ వేస్తే గేటు, వీధి, ఎదురింటి అరుగు మీద మిరపకాయలు, అన్నీ కనిపించాయి. నాన్న నా తల మీద చెయ్యి వేశాడు. నాకు చాలా సంతోషమేసింది.

అప్పుడు తెర మధ్యలో ఒక తెల్లటి మచ్చ పుట్టింది. మెల్లగా పెరిగింది, మెల్లగా తగ్గి పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది.

మొదట ఏమీ అనిపించలేదు. చూస్తూ ఉండగా ఒళ్ళు జలదరించింది. చలికాలంలో కిటికీకి ముఖం ఆనిస్తే మన ఊపిరికి అద్దం ఎలా మసకబారి తేటపడుతుందో, సరిగ్గా అలా ఉంది. వచ్చిపోయే తీరు కూడా ఊపిరిదే.

నాన్న దిగి వెనక్కి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. అద్దం మీద వేలు పెట్టి చూశాను. తడి లోపల లేదు, పైనే ఉంది. గోరువెచ్చగా ఉంది. డ్రయ్యర్ వేడి ఇంకా ఉంది, బయట చల్లగాలి, అందుకే అన్నాడు నాన్న. నాకూ అది సబబుగానే తోచింది.

మర్నాటికి అద్దం మీద రోజూలాగే దుమ్ము పడింది. కానీ ఆ దుమ్ములో వంపుగా ఒక తుడుపు. బొటనవేలంత వెడల్పు. నాన్న తుడిచాడనుకున్నాను నేను. నేను తుడిచాననుకున్నాడు నాన్న. అక్క షెడ్డులోకే రాలేదంది. అమ్మ ఆ మాట విని లోపలికి వెళ్ళి బీరువా తీసి చూసుకుంది. ఉంగరం ఉన్నచోటే ఉంది.

ఆ రాత్రి డైరీలో ఏమీ రాయలేకపోయాను. పెన్ను పట్టుకుని కూర్చుని, ఎందుకో గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయాను.

సంవత్సరీకానికి ముందురోజు మధ్యాహ్నం ఊరి నుంచి రైలులో పంపిన బియ్యం, విస్తరాకులు తేవడానికి స్టేషనుకి వెళ్ళాలి. నాన్న మెడ ఆ రోజు మరీ బిగుసుకుపోయింది. నాకు లైసెన్సు అప్పుడే కొత్తగా వచ్చింది. నువ్వే తియ్యి, నేను పక్కన కూర్చుంటానన్నాడు. సన్నగా జల్లు పడుతోంది. అమ్మ స్నానానికి వెళ్ళింది. చిన్ని పడుకుంది. అక్క వీధి తలుపు వేసి లోపలినుంచి పై గడియ బిగించింది, ఆ చప్పుడు నేను కారులోంచి విన్నాను.

రివర్స్ వేశాను. తెర తేటగా ఉంది. తడిసిన నేల, తెరిచిన గేటు, ఎవరూ లేని వీధి. పక్క అద్దాలు చూసుకున్నాను. వాటిలోనూ ఎవరూ లేరు. బ్రేకు మీద కాలు కొద్దిగా సడలించాను. కారు కదిలింది.

టక్ టక్.

డిక్కీ మీద. ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు. నా కాలు నా ప్రమేయం లేకుండా బ్రేకు తొక్కింది.

నాన్న వైపు చూశాను. ముఖం పాలిపోయింది. "ఎవరది?" అన్నాడు. తెర మీద ఎవరూ లేరు. మేం చూస్తుండగానే అది మొత్తం తెల్లబడింది. ఈసారి తగ్గలేదు.

నాన్న తలుపు తోసుకుని దిగాడు. మెడ నొప్పి ఉన్న మనిషి అంత వేగంగా దిగడం నేనెప్పుడూ చూడలేదు. ఆ వెంటనే ఆయన కేక వినిపించింది. మాట కాదు, ఉట్టి కేక.

చిన్ని వెనక చక్రానికి ఆనుకుని గొంతుక్కూర్చుని ఉంది. అంత కిందికి, అంత దగ్గరికి కెమెరా చూపు పడదు. అది ఏడవడం లేదు. ఏదో నములుతోంది. కుడి చెయ్యి పిడికిలి బిగించి ఉంది. నాన్న ఎత్తుకుని పిడికిలి విప్పితే అందులో బియ్యం. ఎర్రగీతల దంపుడు బియ్యం.

కేక విని అమ్మ తడిజుట్టుతోనే పరిగెత్తుకొచ్చింది. ఆ గింజలు చూసి, ఒక్క మాట అడగకుండా, చిన్ని నోట్లో వేలు పెట్టి లోపలున్నదంతా గీకి తీసేసింది. అప్పుడు ఏడ్చింది చిన్ని. బియ్యం ఎక్కడివని అక్క మళ్ళీ మళ్ళీ అడిగితే, "తాత పెట్టాడు. తాత లా అన్నాడు" అంది వచ్చీరాని మాటలతో. 'రా' అనడం దానికింకా రాదు.

"ఏ తాత? ఈ తాతా?" నాన్నని చూపించింది అక్క.

చిన్ని తల అడ్డంగా ఊపి, కారు వెనక్కి చెయ్యి చూపించింది. అక్కడ వాన పడుతోంది, అంతే.

తర్వాత నేను చూసినవి చూసినట్టు రాస్తాను. అమ్మ పరిగెత్తుకొచ్చేసరికే వీధి తలుపు గడియ తీసి ఉంది. బిగించానని అక్క ఒట్టు పెట్టింది, ఆ చప్పుడు నేనూ విన్నాను. గడియ పెద్దవాళ్ళకే అందుతుంది, దగ్గర్లో కుర్చీ గానీ స్టూలు గానీ లేవు. షెడ్డులో సంచి మేకుకే ఉంది. దించి చూశాం. ముడి నాన్న వేసినదే, సంచికి చిల్లు లేదు. డిక్కీ మీద సొట్ట లేదు, చుట్టుపక్కల రాయి లేదు. పైన చెట్టు కూడా లేదు, కాయ రాలిందనుకోవడానికి.

ఎదురింటి భాభీ అప్పుడు వాళ్ళ అరుగు మీద కూర్చుని కూర తరుగుతోంది. హిందీ ఆవిడ, ఛోటూ కాకా అంటూ చిన్నాన్నతో సరదాగా మాట్లాడేది గానీ, ఈ బియ్యం గొడవ ఆవిడకి తెలియదు. చిన్ని బయటికి రావడం చూశారా అని మా అమ్మ అడిగింది. చూశానంది. మరి కేకెయ్యలేదేమని అక్క కోపంగా అడిగింది. ఆవిడ నొచ్చుకుంది. పిల్ల ఒక్కతే వస్తే కేకేసేదాన్నే, ఎవరో తోడున్నారనుకున్నానంది. ఎవరని అడిగితే, మనిషిని చూడలేదు, కారు అడ్డుంది అంది. పిల్ల మాత్రం గోడకీ కారుకీ మధ్యనుంచి ఒక చెయ్యి పైకెత్తి పట్టుకుని నడిచిందట. పెద్దవాళ్ళ వేలు పట్టుకుని పిల్లలు నడుస్తారే, అలా.

కూర తరిగే కత్తి చేతిలో పట్టుకునే, తన చెయ్యి పైకెత్తి చూపించింది.

అమ్మ వెంటనే చిన్ని రెండు చేతులూ పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఆ రాత్రి చిన్నిని మధ్యలో పడుకోబెట్టుకుని అమ్మా అక్కా చెరొక చెయ్యీ పట్టుకున్నారు. ఎవరూ లైటు ఆర్పమనలేదు. నేనూ అనలేదు.

మర్నాడు పొద్దున్నే నాన్న కెమెరా విప్పి తీగ కత్తిరించేశాడు. ఎంత కష్టపడి బాగుచేశామో, అంతా ఒక్క నిమిషంలో పోయింది. ఇప్పుడు రివర్స్ వేస్తే తెర నల్లగా ఉంటుంది. కారు తీసే ప్రతిసారీ అక్కడ ఎవరుంటే వాళ్ళు చిన్నిని ఎత్తుకుని కారు ముందు, అద్దంలోంచి కనిపించేలా నిలబడాలి. నేను దిగి వెనక్కి వెళ్ళి, వంగి, చక్రాల కింద చూసి వస్తాను. ఆ రెండు నిమిషాలూ నా వీపు మీద ఊపిరి తగులుతుందేమోనని బిక్కుబిక్కుమంటూ ఉంటాను. ఇంతవరకూ తగల్లేదు.

ఒక్కొక్కటీ విడిగా తీసుకుంటే ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. గడియ సరిగా పడి ఉండదు. బియ్యం సంచిలో పోసేటప్పుడు కింద ఒలికి ఉంటాయి, పిల్ల ఏరుకుని ఉంటుంది. మసక వేడివల్ల వచ్చి ఉంటుంది. కానీ ఆ చప్పుడు నేనూ నాన్నా ఇద్దరం విన్నాం. భాభీ చెయ్యెత్తి చూపించింది. అక్కడికొచ్చేసరికి నా తెలివి ఆగిపోతుంది.

సంవత్సరీకం అనుకున్నట్టే జరిగింది. స్టేషనుకి వెళ్ళి కొత్త బియ్యం తేలేకపోయాం, ఇంట్లో ఉన్నవాటితోనే వండింది అమ్మ. విస్తరి వేసి అన్నీ వడ్డించాక, అందరం బయటికి వచ్చేసి కాసేపు తలుపు దగ్గరగా వేసి ఉంచడం మా ఆనవాయితీ. నాన్న అందరికంటే వెనక వస్తున్నాడు. నేను గుమ్మం పక్కనే ఉన్నాను, నన్ను గమనించలేదు. తలుపు రెక్క పట్టుకుని లోపలికి చూస్తూ, ఎదురుగా మనిషి కూర్చున్నట్టు, మెల్లగా అన్నాడు.

"ఆపినావు, మంచిపని చేసినావు. గానీ పిల్లని పిలవకురా."

నాన్న తమ్ముడితోనే మాట్లాడాననుకున్నాడు. కారుని ఆపినదీ, చిన్నిని పిలిచినదీ ఒక్కరేనని ఆయనకి ఎలా తెలిసిందో నేను అడగలేదు. నాకు మాత్రం ఇప్పటికీ తెలియదు.